గుండె పీకిన చెయ్యి, గుండీల కళ్లు: పిల్లల దయ్యం సినిమాల లెక్కేంటి?

అమెరికాలో 'పీజీ-13' అనే సినిమా రేటింగ్ పుట్టడానికి ఒక చెయ్యి కారణం. అది మనకు బాగా తెలిసిన నటుడి చెయ్యే. 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మహాద్రష్టగా కనిపించిన అమ్రిష్ పురి, దానికి ఆరేళ్ల ముందు స్పీల్‌బర్గ్ సినిమా 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్'లో మోలారామ్ అనే పూజారి వేషం వేశారు. బలివ్వడానికి కట్టేసిన మనిషి ఛాతీలోకి ఉత్త చెయ్యి దూర్చి, కొట్టుకుంటున్న గుండెను బయటికి లాగుతాడు మోలారామ్. ఆ మనిషి ఇంకా బతికే ఉంటాడు. 1984 మే 23న ఈ సినిమా విడుదలైనప్పుడు దానికున్న ముద్ర 'పీజీ'. అంటే అమ్మానాన్నలు కాస్త చూసుకుంటే పిల్లల్ని తీసుకెళ్లొచ్చని. తీసుకెళ్లారు. పక్క సీట్లో ఏడెనిమిదేళ్ల పిల్లల్ని పెట్టుకుని ఆ గుండె చూశారు.

ఆ గొడవ ఇంకా సద్దుమణగకముందే, జూన్ 8న 'గ్రెమ్లిన్స్' వచ్చింది. దీనికి స్పీల్‌బర్గ్ నిర్మాతల్లో ఒకరు. చెవులు పెద్దగా, కళ్లు గుండ్రంగా ఉన్న ముద్దొచ్చే జీవిని చూసి పిల్లల సినిమా అనుకుని జనం వెళ్లారు. సగం దూరం వెళ్లాక ఆ జీవి సంతానమంతా రాకాసులవుతాయి. వంటింట్లో ఒక అమ్మ ఒకదాన్ని మిక్సీలో వేసి తిప్పేస్తుంది, ఇంకోదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి పేల్చేస్తుంది. ఇదీ పీజీయే. తల్లిదండ్రులు మండిపడ్డారు. చివరికి స్పీల్‌బర్గే అమెరికా సినిమా నిర్మాణ సంస్థల సంఘానికి అప్పటి అధ్యక్షుడు జాక్ వాలెంటీకి ఫోన్ చేసి, పీజీకీ పెద్దల 'ఆర్'కీ మధ్య ఇంకో మెట్టు ఉంటే బాగుంటుందని సూచించారు. జూలై 1 నుంచి పీజీ-13 అమల్లోకి వచ్చింది. మోలారామ్ తెర మీదకొచ్చి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రతి అక్టోబర్‌లో, పిల్లలు దయ్యాల వేషాలేసే హాలోవీన్ పండగ ముందు, న్యూజెర్సీ నుంచి మా అక్క ఫోన్ చేస్తుంది. "ఒరేయ్, దీనికి పదకొండు, వాడికి ఎనిమిది. హాలోవీన్ రాత్రి ఏ సినిమా పెట్టమంటావ్? చిన్నపిల్లల బొమ్మలు పెడితే ఇది మొహం మాడ్చుకుంటుంది. కొంచెం గట్టిది పెడితే రాత్రి నా పక్కలో దూరేది వాడు." పీజీ అని రాసి ఉన్నవే పెట్టొచ్చుగా అంటే, "అదే కదరా నా టెన్షన్, అన్నిటి మీదా పీజీ అనే ఉంటుంది" అంటుంది.

అక్క మాటలో న్యాయం ఉంది. 'హోటల్ ట్రాన్సిల్వేనియా'కి పీజీ, 'కోరలైన్'కీ పీజీ. మొదటిదాంట్లో కూతురు మనుషుల లోకంలోకి వెళ్తుందేమోనని బెంగపడే తండ్రి డ్రాకులా. రెండోదాంట్లో కూతురి కళ్లు తీసేసి వాటి చోట గుండీలు కుడతానని నవ్వుతూ అడిగే తల్లి. రెండిటికీ ఒకే ముద్ర ఎలా పడింది?

ముద్ర దేన్ని కొలుస్తుంది?

అమెరికాలో ఈ రేటింగులు 1968 నవంబర్‌లో మొదలయ్యాయి. ఇది చట్టం కాదు, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న ఏర్పాటు. రేటింగ్ ఇచ్చేది సొంత పిల్లలున్న తల్లిదండ్రుల బృందం. 'జీ' అంటే అందరూ చూడొచ్చు. పీజీ, పీజీ-13 రెండూ హెచ్చరికలే. పదమూడేళ్లలోపు పిల్లల్ని హాల్లోకి రానివ్వకూడదనేమీ పీజీ-13లో లేదు. 'ఆర్' అయితేనే పదిహేడు నిండనివాళ్లు పెద్దవాళ్లతో రావాలి. మన సెన్సార్ బోర్డు వ్యవహారం వేరు, అది 1952 నాటి చట్టం కింద నడుస్తుంది. అయితే మనకూ ఇలాంటి సమస్యే వచ్చింది. దశాబ్దాల పాటు 'యూఏ' అనే ఒక్క సంచీలోనే అన్నీ వేసి, చివరికి 2024 నుంచి దాన్ని 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు.

ఆ బృందం చూసేవి నెత్తురు, తిట్లు, నగ్నత్వం, మత్తుమందులు లాంటివి. ఒక పచ్చి బూతుమాట మామూలుగా ఒకసారి వస్తే పీజీ-13లో సరిపెడతారు, ఎక్కువసార్లు వస్తే సాధారణంగా ఆర్ అవుతుంది. ఇలాంటివాటిని లెక్కపెట్టొచ్చు. భయం అలా లెక్కకు రాదు. 'కోరలైన్'లో నెత్తురు చుక్క కనిపించదు, నోరుజారిన మాటా పెద్దగా లేదు. తద్దినం పెట్టినంత ప్రశాంతంగా సాగుతూ పిల్లల ఎముకల్లో చలి పుట్టిస్తుంది. దాన్ని ఏ గడిలో వేస్తారు?

ఇక సంవత్సరం చూసుకోకపోతే ఇంకా మోసపోతాం. 1984 జూలైకి ముందు పీజీ అంటే జీకీ ఆర్‌కీ మధ్యలో ఉన్న సమస్తమూ. 1982 నాటి 'పోల్టర్‌గైస్ట్'కి మొదట ఆర్ ఇచ్చారు, నిర్మాతలు అప్పీలుకెళ్లి పీజీ తెచ్చుకున్నారు. అద్దం ముందు ఒకాయన తన మొహాన్ని తానే పీక్కునే సీన్ ఉన్న సినిమా అది! 'గ్రెమ్లిన్స్' విడుదలైన రోజే వచ్చిన 'ఘోస్ట్‌బస్టర్స్' కూడా పీజీయే. దయ్యాలు నవ్వులాటే గానీ, జోకులు కొన్ని పెద్దవాళ్లవి. కొత్త మెట్టు వచ్చాక కూడా పాత అలవాటు వెంటనే పోలేదు. 1988 నాటి 'బీటిల్‌జూస్'లో ఆ పచ్చి బూతుమాట స్పష్టంగా వినిపిస్తుంది, అయినా పీజీయే. కాబట్టి ఎనభైల పీజీని ఇవాళ్టి పీజీ-13 అనుకుని చూడటం మంచిది. ఇవాళ్టి పీజీ దానికంటే చాలా మెత్తన.

దీనికి తిరగబడిన ఉదాహరణ 1987 నాటి 'ది మాన్‌స్టర్ స్క్వాడ్'. డ్రాకులా, శవాల ముక్కలతో చేసిన ఫ్రాంకెన్‌స్టైన్ జీవి, తోడేలు మనిషి, మమ్మీ, చేపమనిషి, అందరూ ఒక ఊరి మీదకొస్తే పన్నెండేళ్ల పిల్లల గుంపు ఎదుర్కొంటుంది. పీజీ-13. పన్నెండేళ్లవాళ్లకు ఇంతకంటే తగిన కథ ఉండదు, రాకాసులూ మరీ దడిపించవు. ఇబ్బందంతా పిల్లల నోటితోనే. స్వలింగ సంపర్కుల్ని కించపరిచే తిట్టు ఆ కుర్రాళ్లు మంచినీళ్లలా వాడతారు. అప్పట్లో ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించి ఉండదు, ఇప్పుడు సినిమా ఆపి రెండు మాటలు చెప్పాల్సి వస్తుంది.

పిల్లలు దేనికి భయపడతారు?

దీని మీద చాలాకాలం పనిచేసిన పరిశోధకురాలు విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన జోఆన్ కాంటర్. ఆమె, ఆమె సహచరులు చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఒక ముసలావిడ కథను నాలుగు రకాలుగా చిత్రించారు. ఒకదాంట్లో ఆవిడ ముద్దొచ్చే బామ్మలా ఉండి పిల్లిని లాలిస్తుంది. ఇంకోదాంట్లో అదే బామ్మ పిల్లిని హింసిస్తుంది. మిగతా రెండిట్లో రూపం మంత్రగత్తెది, ఒకసారి మనసు మంచిది, ఒకసారి చెడ్డది. మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా పిల్లలకు వీటిని చూపించారు. బుజ్జిపిల్లలు రూపం చూసి తీర్పు చెప్పారు. అందవికారంగా ఉంటే చెడ్డది, అంతే. తొమ్మిది పదేళ్లవాళ్లు రూపాన్ని పెద్దగా పట్టించుకోలేదు, పిల్లిని ఏం చేసిందో చూశారు. 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' టీవీ సీరియల్‌తో చేసిన ఇంకో ప్రయోగంలోనూ ఇదే తేలింది. మంచి మనిషి పచ్చటి భూతంగా మారాక చిన్నపిల్లలు హడలిపోయారు. పెద్దపిల్లలకు మాత్రం అతను మారకముందే టెన్షన్, మారాక హమ్మయ్య. హల్క్ వచ్చాడంటే కాపాడతాడని వాళ్లకు తెలుసు.

అక్క ఇంట్లో సమస్య ఇక్కడ విడిపోతుంది. ఎనిమిదేళ్లవాడు ఇంకా ఆ గడప మీద ఉన్నాడు, మొహాలకు జడుస్తాడు. పదకొండేళ్లది గడప దాటేసింది. ఎంత కోరలున్న మొహమైనా దానికి కామెడీయే. దాన్ని భయపెట్టేది ఉద్దేశం. నవ్వుతున్న మనిషి లోపల ఏముందో తెలియకపోవడం, అమ్మ అమ్మ కాకపోవడం, పెద్దవాళ్లు తన మాట నమ్మకపోవడం. పద్నాలుగు పదిహేను వచ్చేసరికి భయం మళ్లీ జరుగుతుంది. అందరి ముందూ పరువు పోవడం, నిజంగా జరిగే ప్రమాదాలు, తన వల్ల ఇంకొకరికి చెడు జరగడం లాంటివి ముందుకొస్తాయి. 2019 నాటి 'స్కేరీ స్టోరీస్ టు టెల్ ఇన్ ది డార్క్' పీజీ-13 సినిమా, ఈ వయసుదే. పుస్తకంలో కథ తనంతట తాను రాసుకుంటుంటే, అందులో పేరు వచ్చిన స్నేహితుడు మాయమైపోతుంటాడు. ఎనిమిదేళ్లవాడి దరిదాపుల్లో పెట్టకూడదు దాన్ని.

'కోరలైన్' మన పిల్లలకు ఎందుకంత తగులుతుందో నాకో అనుమానం ఉంది. రాత్రిపూట దయ్యం తలుపు కొట్టి, తెలిసినవాళ్ల గొంతుతో పేరుపెట్టి పిలుస్తుందనీ, పలికితే అంతేననీ మన ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. ఆ దయ్యానికి కోరలూ గోళ్లూ ఉన్నాయని ఎవరూ వర్ణించలేదు. గొంతు తెలిసినదై ఉండటమే దాని బలం. 2009లో హెన్రీ సెలిక్ తీసిన ఆ సినిమా కూడా ఇదే తీగ మీటుతుంది. గోడలోని చిన్న తలుపు అవతల ఇంకో అమ్మ ఉంటుంది. అసలు అమ్మకంటే బాగా వండుతుంది, అడిగిందల్లా ఇస్తుంది, కళ్లే గుండీలు. ఎనిమిదేళ్లవాడికి గుండీల కళ్లు భయం. పదకొండేళ్లదానికి ఆ వంట భయం.

రాకాసులు పిల్లల సొత్తెలా అయ్యాయి?

ఈ డ్రాకులాలూ ఫ్రాంకెన్‌స్టైన్లూ మొదట పిల్లల కోసం పుట్టలేదు. 1931లో యూనివర్సల్ సంస్థ ఆ రెండు సినిమాలనూ పెద్దవాళ్ల కోసమే తీసింది. ఫ్రాంకెన్‌స్టైన్ జీవిగా బోరిస్ కార్లాఫ్ చెరువుగట్టున ఒక చిన్నపిల్లతో పూలు నీళ్లలోకి విసిరే ఆట ఆడతాడు. పూలు అయిపోతాయి. పిల్ల కూడా పూవులాగే తేలుతుందనుకుని ఎత్తి నీళ్లలో వేస్తాడు. అది మరీ దారుణంగా ఉందని, అతను పిల్ల వైపు చేతులు చాచే దగ్గరే సీన్ కత్తిరించారు. దాంతో తర్వాత తండ్రి చేతుల్లో పిల్ల శవం చూసిన ప్రేక్షకులు అంతకంటే ఘోరమైనదేదో ఊహించుకున్నారు. అమాయకత్వాన్ని కత్తిరించి పాపం మిగిల్చారన్నమాట. ఆ ముక్కను 1980ల్లో గానీ తిరిగి అతికించలేదు. పిల్లల కోసం సీన్లు దాటేసి చూపిద్దామనుకునేవాళ్లు ఈ చెరువు సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

తర్వాత నవ్వులు కలిశాయి. 1948లో అబట్, కాస్టెల్లో అనే హాస్యజంట సినిమాలోకి డ్రాకులా, తోడేలు మనిషి, ఫ్రాంకెన్‌స్టైన్ జీవి ముగ్గురూ వచ్చారు. పదేళ్లలోపు పిల్లలకు పాత రాకాసుల్ని పరిచయం చేయడానికి ఇప్పటికీ అంతకంటే మంచి సినిమా నాకు తట్టదు. భయపడేది కాస్టెల్లో, నవ్వేది మనం, రాకాసులు మాత్రం సీరియస్‌గానే ఉంటారు. 1957లో యూనివర్సల్ పాత సినిమాలు 52 ఒక కట్టగా టీవీ స్టేషన్లకు అమ్ముడయ్యాయి. రాత్రిళ్లు అవి చూస్తూ ఒక తరం అమెరికా పిల్లలు పెరిగారు, రాకాసుల పత్రికలు కొన్నారు, ప్లాస్టిక్ బొమ్మలు అతికించారు. 'గ్రెమ్లిన్స్' తీసిన జో డాంటే ఆ తరంవాడే.

ఒక చిన్న సంగతి. 1818లో అచ్చయిన మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' ఎవరైనా వాడుకోవచ్చు. కానీ చదునైన నెత్తి, మెడకు బోల్టులు ఉన్న ఆ రూపం యూనివర్సల్ వాళ్లది. వేరే సంస్థల సినిమాల్లో ఆ జీవి మొహం ప్రతిసారీ కాస్త వేరుగా ఉండేది అందుకే. మన రాక్షసుడికి వంశం, తపస్సు, వరం, శాపం అన్నీ ఉంటాయి. పాపం ఈ జీవికి పేరు కూడా లేదు, తయారుచేసినవాడి పేరే జనం దీనికి తగిలించేశారు.

ఏవి పెట్టొచ్చు?

హాలోవీన్ అనగానే అందరూ చెప్పేది 'హోకస్ పోకస్'. అక్టోబర్ సినిమాను 1993 జూలై ఎండల్లో విడుదల చేశారు, ఆడలేదు. ఏటా టీవీలో వేయగా వేయగా పండగ వంటకమైపోయింది. అమెరికాలోని సేలం ఊళ్లో ఉరితీసిన ముగ్గురు మంత్రగత్తెలు మూడొందల ఏళ్ల తర్వాత లేస్తారు. తొమ్మిదేళ్ల నుంచి బాగానే ఉంటుంది, మొదట్లో ఒక చిన్నపిల్ల ప్రాణం పీల్చేసే సీన్ తప్ప. అసలు తలనొప్పి వేరే. మంత్రపు కొవ్వొత్తి వెలిగించేవాడు 'వర్జిన్' అయ్యుండాలని షరతు, ఆ మాట మీద సినిమా పొడుగునా జోకులే. మా మేనకోడలు సినిమా ఆపి మరీ అడిగిందట, అంటే ఏంటని. "ఆలివ్ ఆయిల్ సీసా మీద ఉంటుందే, అదే" అని తప్పించుకుంది అక్క.

'గ్రెమ్లిన్స్'లోనూ రేటింగ్ చెప్పని చిక్కు ఒకటుంది. ఒకమ్మాయి తన తండ్రి క్రిస్మస్‌కి ఎలా చనిపోయాడో చెబుతూ, శాంటా లేడని తనకు అలా తెలిసిందంటుంది. శాంటాకి ఉత్తరాలు రాసే పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క సీన్ మిక్సీ సీన్ కంటే ప్రమాదం.

'గూస్‌బంప్స్' 2015 సినిమా ఎనిమిది, పదకొండు ఇద్దరికీ ఒకేసారి పెట్టదగ్గది. పుస్తకాల్లోంచి రాకాసులు బయటపడతాయి, గందరగోళం ఎక్కువ, గుబులు తక్కువ. 'మాన్‌స్టర్ హౌస్' (2006) బొమ్మల సినిమా కదా అని తీసిపారేయొద్దు. ఎదురింటి ఇల్లు మనుషుల్ని మింగుతుంటుంది, ఎందుకో తెలిశాక వచ్చేది భయం కాదు, దుఃఖం. 1990 నాటి 'ది విచెస్'లో అమ్మమ్మ మనవడికి కథ చెబుతుంది, గోడమీది బొమ్మలో చిక్కుకుపోయి అందులోనే ముసలిదై మాయమైపోయిన పిల్ల గురించి. మంత్రగత్తెలు మాస్కులు తీసే సీన్ చిన్నవాడికి, ఆ బొమ్మ కథ పెద్దదానికి. ఇద్దరూ నిద్రపోరు.

నన్నడిగితే పదకొండు దాటినవాళ్లకు అన్నిటికంటే ముందు 'పారానార్మన్' (2012) పెడతాను. నార్మన్‌కి చచ్చినవాళ్లు కనిపిస్తారు, మాట్లాడతారు, ఇంట్లో ఎవరూ నమ్మరు. ఊరికి మంత్రగత్తె శాపం ఉంది. సమాధుల్లోంచి శవాలు లేస్తాయి. సగం అయ్యాక కథ తిరగబడుతుంది. ఆ మంత్రగత్తె నార్మన్ వయసు పిల్లే. ఊరి పెద్దలు భయంతో చంపేశారు. లేచొచ్చిన శవాలు ఆ తీర్పు చెప్పినవాళ్లవి, క్షమాపణ కోసం తిరుగుతున్నాయి. ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. 1692లో మొదలైన సేలం మంత్రగత్తెల విచారణల్లో 19 మందిని ఉరితీశారు, నాలుగైదేళ్ల పిల్లను కూడా జైల్లో పెట్టారు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదువుతూ పెరిగిన మనకు దీన్ని పిల్లలకు వివరించడం కష్టమేమీ కాదు, నోరు రావాలంతే.

భయపడ్డాక ఏం చేయాలన్నదాంట్లోనూ వయసు తేడా ఉందని కాంటర్ పరిశోధన చెబుతుంది. చిన్నవాళ్లకు "అది నిజం కాదురా" అని చెప్పి లాభం లేదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, మంచినీళ్లివ్వాలి, దుప్పటి కప్పాలి. పెద్దవాళ్లకు మాటలు పనిచేస్తాయి, ఎలా తీశారో చూపిస్తే ఇంకా బాగా పనిచేస్తాయి. 'పారానార్మన్' పేర్లన్నీ పడ్డాక చివర్లో నార్మన్ బొమ్మను చేతులతో తయారుచేయడం చూపిస్తారు. అప్పటిదాకా టీవీ కట్టేయకండి.

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. అక్క గుమ్మం ముందు ఒక పక్క ప్రమిదలు, ఒక పక్క గుమ్మడికాయ. పిల్లలు చాక్లెట్లు పోగుచేసుకుని వచ్చాక చిన్నవాడికి 'హోటల్ ట్రాన్సిల్వేనియా' పెట్టి పడుకోబెట్టి, పెద్దదానికి 'కోరలైన్' పెట్టింది. అది కదలకుండా మొత్తం చూసి, "నాకేం భయం వెయ్యలేదు మామయ్యా" అని ఫోన్లో చెప్పింది.

మర్నాడు అక్క చొక్కాకి గుండీ కుడదామని కుట్టు డబ్బా తీస్తే సూదులున్నాయి, దారాలున్నాయి, గుండీ ఒక్కటీ లేదు. నాలుగు రోజుల తర్వాత గరాజ్‌లో దొరికాయి. జామ్ సీసాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, మంచు పారేసే పారల వెనక దాచిపెట్టి ఉన్నాయట.